అంబాసిడర్ మీద ఐలయ్య బిళ్ళ

2012 జూన్‌లో నన్ను మందమర్రికి కొద్ది దూరంలో ఉన్న ఒక బొగ్గు గనుల వర్క్‌షాపుకు ఇంజనీరుగా బదిలీ చేశారు. హోదా పేరు పొడుగ్గా ఉండేది. పని మాత్రం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. గనిలో గాని, గని బయట గాని, తిరగవలసినది తిరగడం ఆగిపోతే మా దగ్గరికి వస్తుంది. పంపులు, మోటార్లు, గేరు పెట్టెలు ఒక షెడ్డులో. జీపులు, లారీలు, అంబులెన్సులు ఇంకో షెడ్డులో. ఈ రెండో షెడ్డును ఆటో సెక్షన్ అనేవాళ్ళం.

నేను చేరిన కొన్నాళ్ళకు జనరల్ మేనేజరు గారు పిలిపించారు. మూతపడిన పాత గనుల సామాన్లతో ఆ చలికాలం ఒక ప్రదర్శన పెట్టాలని అనుకుంటున్నారు. పాత దీపాలు, తట్టలు, పారలు, బొగ్గు మోసే టబ్బులు. వాటితో పాటు ఆటో సెక్షన్ వెనుక రేకుల షెడ్డులో పడి ఉన్న అంబాసిడర్ కారును నడిచే స్థితికి తేవాలి. ప్రారంభం రోజు తాను అందులో మైదానంలోకి రావాలన్నది ఆయన కోరిక. కోరిక అన్న మాట నాది. ఆయన దాన్ని ఆదేశంగానే చెప్పారు.

ఆ కారు అరవైల చివర కొన్న మార్క్ టూ. మొదట పెద్ద అధికారులు ఎక్కారు, తర్వాత బయటి నుంచి వచ్చే అతిథులు, ఆ తర్వాత ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు కాగితాలు. 1998 నుంచి అది కదల్లేదు. నేను మొదటిసారి చూసినప్పుడు నాలుగు టైర్లలో గాలి లేక రిమ్ముల మీద కూర్చుని ఉంది. బానెట్ మీద పడిన బొగ్గు పొడి ఏటేటా వానకు తడిసి, ఎండకు ఎండి పెంకు కట్టింది. వెనుక తలుపు తీస్తే సీటు మీద ఒక కోడి గుడ్లు పొదుగుతూ ఉంది. మమ్మల్ని చూసింది గాని లేవలేదు.

“పక్క క్వార్టరోల్లది సార్. రెండేండ్ల సంది ఈడనే పెడుతున్నది” అని ఫోర్‌మన్ ఖాదర్ పరిచయం చేశాడు. ఖాదర్ లక్సెట్టిపేట మనిషి. ఆటో సెక్షన్లో అందరికంటే పాతవాడు.

స్టీరింగుకు ఇనుప తీగతో ఒక ఎర్ర రేకు బిళ్ళ కట్టి ఉంది. అరచేతి వెడల్పు ఉంటుంది. పైన తెల్ల రంగుతో “తిప్పవద్దు” అని రాసి ఉంది. కింద ఉక్కు పంచ్‌తో కొట్టిన అక్షరాలు: “ఐలయ్య, ఆటో.”

ఆ బిళ్ళ గురించి కొంచెం చెప్పాలి. భూగర్భ గనిలో మోటారు బాగుచేసేవాడు ముందు దాని స్విచ్చు ఆపుతాడు. స్విచ్చుకు తన పేరున్న బిళ్ళ కడతాడు. అప్పుడు మోటారు దగ్గరికి పోతాడు. రెండింటికీ మధ్య చాలా దూరం చీకటి ఉంటుంది. స్విచ్చు దగ్గర నిల్చున్నవాడికి మోటారు దగ్గర కూర్చున్నవాడు కనిపించడు, వినిపించడు. అక్కడ ఒక మనిషి చేతులు పెట్టి ఉన్నాడని చెప్పేది బిళ్ళ ఒక్కటే. అందుకని నియమం కూడా ఒక్కటే: పెట్టినవాడే తీయాలి. అధికారి అయినా సరే, ఉత్పత్తి ఆగిపోయినా సరే, ఇంకొకరి చెయ్యి దాని మీద పడకూడదు.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. ఒకటి షిఫ్టు మారేటప్పటిది, దాని గురించి తర్వాత చెబుతాను. రెండోది, బిళ్ళ పెట్టినవాడు మరిచిపోయి ఇంటికి పోయినప్పటిది. అప్పుడు ఇంజనీరు స్వయంగా పని జరిగే చోటికి పోయి ఆ మనిషిని పేరు పెట్టి పిలవాలి. జవాబు కోసం ఆగాలి. అతని ఇంటికి పోయి పని దగ్గర లేడని నిర్ధారించుకోవాలి. రెండూ అయ్యాక తన చేత్తో బిళ్ళ తీయాలి. వేరేవాళ్ళకు పురమాయించకూడదు.

ఐలయ్య మొదట భూగర్భంలో ఫిట్టరు. మోకాలు దెబ్బతిన్నాక మెడికల్ బోర్డు అతన్ని ఉపరితలానికి పంపింది. ఆటో సెక్షన్‌కు వస్తూ తన బిళ్ళ కూడా తెచ్చుకున్నాడు. బండి కింద పడుకునే ముందు స్టీరింగుకు కట్టేవాడట. పట్టపగలు, తలుపుల్లేని షెడ్డులో, పక్కన పదిమంది ఉండగా. అందరూ నవ్వేవాళ్ళు. ఒకనాడు ఒక డ్రైవరు చూసుకోకుండా మరమ్మతులో ఉన్న లారీని స్టార్టు చేశాడు. కింద ఎవరూ లేరు. ఉండవలసినవాడు బీడీ తాగడానికి పోయాడు. ఆ వారంలో ఆటో సెక్షన్ అంతా బిళ్ళలు చేయించుకుంది.

1998లో ఈ అంబాసిడర్ ఆగి ఆగి నడుస్తుంటే ఐలయ్యకు ఇచ్చారు. లోపం డిస్ట్రిబ్యూటర్‌లో ఉంది. ఇంజన్లోని నాలుగు సిలిండర్లకు వరసగా, సరైన క్షణంలో నిప్పురవ్వ పంచే భాగం అది. దాని ఇరుసును పట్టి ఉంచే ఇత్తడి బుష్ అరిగిపోయి ఇరుసు ఊగుతోంది. ఐలయ్య దాన్ని విప్పి, బండికి బిళ్ళ కట్టి, తనకు నమ్మకమున్న టర్నర్‌తో కొత్త బుష్ వేయించడానికి కరీంనగర్ పోయాడు. వేయించాడు. తిరిగి వస్తూ బస్సులో గుండె ఆగి చనిపోయాడు. కండక్టరు లక్సెట్టిపేట ఆసుపత్రి దగ్గర బస్సు ఆపించాడు గాని అప్పటికే అయిపోయింది. సంచిలో డిస్ట్రిబ్యూటర్, కొండగట్టు ప్రసాదం పొట్లం ఉన్నాయి. సంచి ఇంటికి చేరింది. బిళ్ళ స్టీరింగుకు ఉండిపోయింది.

ఎవరూ తీయలేదు, ఎందుకంటే ఎవరికీ ఆ బండితో పని పడలేదు. ఆఫీసుకు కొత్త జీపు వచ్చింది. పాత వాహనాలను లెక్కలోంచి కొట్టేసి వేలం వేయడాన్ని మా దగ్గర సర్వే ఆఫ్ అంటారు. దానికి ఒక కమిటీ ఉంటుంది. కమిటీ వచ్చిన ప్రతిసారీ బిళ్ళ చూసి “మరమ్మతులో ఉన్నది” అని రాసుకుని పోయేది. మరమ్మతులో ఉన్న బండిని వేలం వేయడానికి వీల్లేదు. ఆ కాలపు అంబాసిడర్లన్నీ పాత ఇనుముకు పోయాయి. ఇది మిగిలింది. కమిటీ రాసింది అబద్ధమని కూడా అనలేం.

బిళ్ళ తీసి పని మొదలుపెట్టమని ఖాదర్‌కు చెప్పబోయి, నియమం గుర్తొచ్చి ఆగాను. అయినా అతని ఉద్దేశం తెలుసుకుందామని, ఐలయ్య లేడు కదా, ఈ బిళ్ళకు ఇంకా విలువ ఉందంటావా అని అడిగాను.

“లేడు, నాకెర్కే సార్. సావుకు పోయిన, మట్టి ఏసిన. అయినా నేను తియ్య.”

“ఎందుకు?”

“ఉంటె?” అన్నాడు ఖాదర్.

నవ్వుతున్నాడేమో అని చూశాను. నవ్వడం లేదు.

నియమం ప్రకారం ఐలయ్య ఇంటికి పోయాను. అతని కొడుకు సమ్మయ్య ఆటో సెక్షన్లోనే ఫిట్టరు. ముప్పై ఐదు దాటిన మనిషి. అవసరమైతే తప్ప మాట్లాడడు. తల్లి రాజవ్వ అతని క్వార్టర్లోనే ఉంటుంది. నేను పోయేసరికి గడప దగ్గర చాటలో తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. కూర్చోమంది. కోడలితో చాయ పెట్టించింది. చేతులు మాత్రం ఆపలేదు.

ఐలయ్య పని స్థలంలో లేడని నిర్ధారించుకోవడానికి వచ్చానని చెప్పాను. నియమంలో ఉన్న మాట అదే.

“ఇంట్ల గూడ లేడు సారూ” అన్నది రాజవ్వ.

చాయ తాగాను. ఆమే అడిగింది. “గా బిళ్ళ తీస్తరా?”

తీయవలసి ఉందన్నాను. బండి నడవాలి, ప్రదర్శన ఉంది, మనుషులు సిద్ధంగా ఉన్నారని వివరించాను.

“మనుషుల సంగతి గాదు. ఐలయ్య పని ఎవలు తీసుకుంటున్రు?”

ఫలానా అని ఎవరూ లేరు, సెక్షన్ అంతా కలిసి చేస్తుందన్నాను. రాజవ్వ చుట్టిన బీడీని చాటలో పడేసి మొదటిసారి నా ముఖం చూసింది.

“మీరు కొత్తగొచ్చిండ్రు, మీకెర్కలేదు. ఈడ ఏదన్న పని తెగకుంటె ఏమంటరో అడుగుండ్రి. ‘ఐలయ్య బండి అయింది’ అంటరు. నల్లా నీళ్ళు రాకుంటె ఐలయ్య బండి. ఎవలిదన్న పెండ్లి సంబంధం తేలకుంటె ఐలయ్య బండి. వర్క్‌షాపుల పోరలంటరు, మా సమ్మయ్య ఇనుకుంట పని చేసుకుంటడు. రేషన్ దుక్నం కాడ ఆడోల్లంటరు, నేను ఇనుకుంట బియ్యం తెచ్చుకుంట. ఆయిన ఏ పనీ సగంల ఇడిసిపెట్టలే సారూ. బుష్ ఏపిచ్చిండు. పట్టుకొని వస్తుండె. బస్సుల పానం పోతె గది ఆయిన తప్పా?”

కాదన్నాను.

“గా సామాను నాకాడనే ఉన్నది. సందుగల ఉన్నది. మీకియ్య.”

కొత్తది తెప్పించగలమని, ఆమెను ఇబ్బంది పెట్టనని చెప్పాను. ఓదార్పుగానే అన్నాను. ఆమె అట్లా తీసుకోలేదు.

“తెప్పిచ్చుకోండ్రి. బిళ్ళ తీసి అవతల పారెయ్యుండ్రి. గప్పుడు ఐలయ్య సగంల ఇడిసిపెట్టిండని ఆఫీసోల్లే ఒప్పుకున్నట్టయితది. ఇగ ఈ ఊర్లె గా మాట పోదు.”

నియమం ప్రకారం ఇంటికి పోవడం అయిపోయింది. షెడ్డులో పేరు పెట్టి పిలిచి బిళ్ళ తీయవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. నేను తీయలేదు. ఎందుకని అప్పుడు ఎవరైనా అడిగితే కారణం చెప్పలేకపోయేవాణ్ణి. అడిగిన ఒకే ఒక్కరు జనరల్ మేనేజరు గారు. పని ఇంకా మొదలుకాలేదని తెలిసి ఫోన్ చేశారు.

బండికి బిళ్ళ ఉందని చెప్పాను. ఎవరు పెట్టారో అతన్ని పిలిపించమన్నారు. చనిపోయాడన్నాను. ఎప్పుడు అన్నారు. పద్నాలుగేళ్ళయిందన్నాను. అయితే అతని పై అధికారిని పిలిపించి తీయించమన్నారు. అది నేనేనని చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశారు.

దారి ఖాదర్ వేళాకోళంలో దొరికింది. చాయ వేళ ఆటో సెక్షన్లో అందరూ చేరి ఈ విషయమే మాట్లాడుకుంటున్నారు. నేను ఒక జీపు పక్కన నిలబడి వింటున్నాను.

“గింత పరేషాన్ ఎందుకు? ఐలన్న ఫస్ట్ షిఫ్టుకొచ్చిండు. సెకండ్ షిఫ్టోడు ఇంక రాలే. గంతే అనుకోరాదా?” అన్నాడు ఖాదర్.

“పద్నాలుగేండ్ల షిఫ్టా కాకా? ఓటీ ఎవలిస్తరు?” అని వెల్డరు అడిగాడు.

“నీ జీతంల కోసి ఇస్తరు. నువ్వు పన్జేసినదానికంటె ఎక్కువనే అయితది.”

అందరూ నవ్వారు. జీపు చక్రం విప్పుతున్న సమ్మయ్య నవ్వలేదు. పానా కింద పెట్టి లేచాడు.

“సెకండ్ షిఫ్టుకు నేనొస్త సార్” అన్నాడు నాతో.

ఇక షిఫ్టు మినహాయింపు సంగతి. పని పూర్తి కాకముందే షిఫ్టు అయిపోతే దిగిపోయేవాడు వచ్చేవాడికి చార్జ్ ఇవ్వాలి. ఏం చేశాడో, ఏం మిగిలిందో, దేని జోలికి పోకూడదో పైకి చెప్పాలి. వచ్చినవాడు ఆ మాటలన్నీ తిరిగి అప్పజెప్పాలి. తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి. అప్పజెప్పాక, కొత్తగా వచ్చినవాడు ముందు తన బిళ్ళ కడతాడు. ఆ తర్వాతే దిగేవాడు తన బిళ్ళ తీస్తాడు. బిళ్ళ లేని క్షణం ఒక్కటి కూడా ఉండకూడదు. చార్జ్ తీసుకునేవాడు ఆ పని వచ్చినవాడై ఉండాలి. పని రానివాడు తీసుకుంటే చెల్లదు.

ఇక్కడ సమ్మయ్యకు పని వచ్చు. చెప్పవలసినవాడు లేడు. దిగేవాడు గాయపడి మాట్లాడలేకపోతే, అతని నోటి నుంచి విన్నవారు చెప్పవచ్చునని ఒక ఆనవాయితీ ఉంది. మరణాన్ని ఆ కిందికి తీసుకోవచ్చునా అని ఒక సాయంత్రమంతా ఆలోచించాను. తీసుకోకూడదని ఎక్కడా రాసి లేదు.

ఐలయ్య ఆ రోజు పని గురించి ఇంట్లో ఏమైనా చెప్పాడా, చెప్పినా ఇన్నేళ్ళకు గుర్తుందా అని కొడుకు ద్వారా అడిగించాను. రాజవ్వ పంపిన జవాబు ఇది: “భూమిల పన్జేసినప్పటి సంది దినాం నాకు చెప్పే పోయెటోడు. ఏడ ఉంటడో, ఏం జేస్తడో. ఏమన్నయితె యాడ ఎతకాల్నో ఇంట్లోల్లకు ఎర్క ఉండాలె గద. నేను మర్సిపోతె ఎట్ల?”

సోమవారం ఫస్ట్ షిఫ్టు సైరన్ అయ్యాక ఆమె వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. ఆటో సెక్షన్ మొత్తం రేకుల షెడ్డు దగ్గరికి చేరింది. రమ్మని నేను ఎవరికీ చెప్పలేదు. పొమ్మని కూడా చెప్పలేదు. ఖాదర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. రాజవ్వ బండికి ఎదురుగా నిలబడి, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

“ఒకటో నంబరు పైకి తెచ్చి ఆపిన. ఇంజన్ ఎవ్వలు తిప్పొద్దు. సామాను తీసిన కాడ గుడ్డ కుక్కిన, ఎలుకలు జొర్రకుంట. వైర్లకు సున్నం బొట్లు పెట్టిన, ఒకటో దానికి ఒక్కటి, రెండో దానికి రెండు, అట్ల. బుష్ ఏపిచ్చుకొస్త. బిగిచ్చుడు, టైమింగ్ సూసుడు మిగిలింది.” సంచి చెయ్యి మార్చుకుంది. “చేతి బ్రేకు పడ్తలేదు. ఎనక చక్రానికి ఇటుక పెట్టిన. ఇటుక తియ్యద్దు.”

ఖాదర్ వంగి వెనుక చక్రం దగ్గర బొగ్గు పొడి చేత్తో తోశాడు. ఇటుక ఉంది.

ఇంజన్ తిప్పవద్దనడానికి కారణం చెబుతాను. మొదటి సిలిండర్ పిస్టన్ పైకి వచ్చి ఆగి ఉంటే, డిస్ట్రిబ్యూటర్‌ను మళ్ళీ బిగించేటప్పుడు నిప్పురవ్వ క్షణాన్ని వెతుక్కునే పని ఉండదు. ఎవరైనా తిప్పితే కొంప మునగదు, కాసేపు పడి వెతుక్కోవాలి. ఐలయ్యకు ఒకే పని రెండుసార్లు చేయడం ఇష్టం లేదు, అంతే.

సమ్మయ్య ఒక్కొక్కటే అప్పజెప్పాడు. టైమింగ్ మిగిలిందని చెప్పి ఊరుకున్నాడు.

“ఇటుక?” అన్నది తల్లి.

“ఇటుక తియ్యద్దు.”

సమ్మయ్య తన బిళ్ళ స్టీరింగుకు కట్టాడు. ఇక ఐలయ్యది తీయాలి. అది నా పని. పని స్థలంలో పేరు పెట్టి పిలవాలి కాబట్టి పిలిచాను. “ఐలయ్యా” అన్నాను. నేను ఎన్నడూ చూడని మనిషి. జవాబు కోసం ఆగాలి కాబట్టి ఆగాను. ఎంతసేపు ఆగాలో నియమంలో లేదు. బండి లోపల ఏదో కదిలింది. వెల్డరు ఒక అడుగు వెనక్కి వేశాడు. కోడి.

“పలికితె మీరే ముందు ఉరుకుదురు” అన్నది రాజవ్వ మా అందరినీ చూసి.

అప్పుడు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నేను కటింగ్ ప్లేయరుతో తీగ కత్తిరించి బిళ్ళ ఆమెకు ఇచ్చాను. ఆమె సంచిలోంచి డిస్ట్రిబ్యూటర్ తీసి కొడుక్కు ఇచ్చి, బిళ్ళను సంచిలో వేసుకుంది. “ఇగ పని సూసుకోండ్రి” అని పోయింది.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయి నా భార్య సరళకు ఇదంతా చెప్పాను. పూర్తిగా విని, “ఆమె ఏం చీర కట్టుకొచ్చింది?” అని అడిగింది. చూడలేదన్నాను. “అన్ని చూసినవు, గది చూడలేదా? డ్యూటీకి వచ్చినట్టు వచ్చిందా, సావుకు వచ్చినట్టు వచ్చిందా?” మళ్ళీ ఆలోచించాను. నిజంగా గుర్తు లేదు. సరళ ఇంట్లో కుట్టుపని చేసేది. మనుషులను ముందు బట్టల వల్ల గుర్తుపట్టేది.

చాలాకాలం నిలిచిపోయిన బండిని నేరుగా స్టార్టు చేయకూడదు. అదే చాలామంది చేసే తప్పు. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు అంటుకుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే విరుగుతాయి. ఖాదర్ నాలుగు స్పార్క్ ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లో కిరోసిన్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి నానబెట్టాడు. అది నానినంతకాలం మిగతా పనులు చేశారు. టాంకులోని పాత పెట్రోలు జిగురై వార్నిష్ వాసన కొడుతోంది. టాంకు దించి, లోపల చిన్న గొలుసు వేసి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని ఊపి తుప్పు రాల్చారు. కార్బురేటర్ విప్పి జెట్టులు శుభ్రం చేశారు. బ్రేకుల రబ్బర్లు రాయి అయిపోయాయి, అన్నీ మార్చారు. వైర్లు చాలావరకు ఎలుకలు తిన్నాయి. సున్నం బొట్లున్న నాలుగు మాత్రం, ఎందుకో, తినలేదు. కోడిని గుడ్లతో సహా గంపలో పెట్టి పక్క క్వార్టర్‌కు చేర్చారు. మరుసటి రోజు అది తిరిగి వచ్చింది.

డిస్ట్రిబ్యూటర్ సమ్మయ్య బిగించాడు. పిస్టన్ పైనే ఉంది కాబట్టి గురుతులు కలిశాయి. పాయింట్లను గరుకు కాగితంతో రుద్దాడు, కండెన్సర్ కొత్తది వేశాడు. ఆ తర్వాతే ఇంజన్ తిప్పడానికి అనుమతి. ముందు చేత్తో స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టి తిప్పాలి. మొదట కదల్లేదు. ఖాదర్ తొందరపడవద్దన్నాడు. మళ్ళీ నూనె పోశారు. ఒక పొద్దున సమ్మయ్య హ్యాండిల్ మీద బరువు వేసి నిలబడితే మెల్లగా దిగింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. చిక్కటి నల్లనూనె ప్లగ్గు రంధ్రాల్లోంచి ఎగిరి ఖాదర్ చొక్కా మీద పడింది. అతను చొక్కా చూసుకుని, “తిరిగింది” అన్నాడు.

ప్లగ్గులు బిగించి, బాటరీ కలిపి స్టార్టు చేశారు. ఒకసారి దగ్గి ఆగింది. రెండోసారి పొగ గొట్టంలోంచి ఎలుకల గూడు, కొబ్బరి పీచు, కొంత పాత దూదీ బయటికి వచ్చాయి. షెడ్డంతా నీలి పొగ. ఆ పొగలో ఇంజన్ నడుస్తోంది. నాలుగు సిలిండర్లూ సమంగా కొడుతున్నాయని చెవికి తెలుస్తోంది. సమ్మయ్య కొంతసేపు విని, ఆపి, దిగి వెనక్కి పోయాడు. చేతి బ్రేకు కేబుల్ మార్చి, పడుతున్నదని రెండుసార్లు చూసి, అప్పుడు ఇటుక తీశాడు. తర్వాత తన బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు.

ప్రదర్శన రోజు జనరల్ మేనేజరు గారు ఆ బండిలో మైదానంలోకి వచ్చారు. సమ్మయ్య నడిపాడు. రాజవ్వ ఆడవాళ్ళతో పాటు తాడు అవతల నిలబడి చూసింది. బండి కొంచెం ఎడమకు లాగుతోంది, అది మాకు తెలుసు. ఆయన దిగి, సీటు బాగుంది గాని ఏదో వాసన వస్తోందన్నారు. పాత బండి కదా సార్ అన్నాను. కోడి సంగతి చెప్పవలసిన అవసరం కనిపించలేదు.

ఒక వారం తర్వాత స్టోరు నుంచి పంపు సామాను రాక ఒక కుర్ర ఫిట్టరు విసుక్కుని, ఇది కూడా ఐలయ్య బండే అన్నాడు. సమ్మయ్య పక్కనే ఉన్నాడు. “గది అయిపోయింది గదరా. ఇంకోటి చెప్పు” అన్నాడు. కుర్రవాడికి ఇంకోటి తోచలేదు. ఆ మాట ఒక్కరోజులో పోలేదు. కొన్నాళ్ళు అక్కడక్కడా విన్నాను, తర్వాత వినలేదు.

మరుసటి ఏడాది సర్వే ఆఫ్ కమిటీ వచ్చింది. బిళ్ళ లేదు. బండిని వేలంలో పెట్టారు. కరీంనగర్ వ్యాపారి ఒకాయన కొన్నాడు, పెళ్ళి ఊరేగింపులకు అద్దెకిస్తాడని విన్నాను. ఈ సంగతి రాజవ్వకు ముందుగా చెప్పడం నా ధర్మం అనుకుని ఆమె ఇంటికి పోయాను. బాధపడుతుందేమో అనుకున్నాను. “బండి కంపినీది సారూ, నాకెందుకు?” అన్నది బీడీ చుడుతూ. ఐలయ్య బిళ్ళ ఆ చాటలోనే ఉంది. తంబాకు గాలికి ఎగరకుండా దాని మీద పెట్టుకుంది.

నేను 2016లో పదవీ విరమణ చేసి కరీంనగర్‌లో స్థిరపడ్డాను. ఆ వర్క్‌షాపులో ఇంతకంటే పెద్ద యంత్రాలు, ఇంతకంటే కష్టమైన పనులు చేశాను. దీన్నే రాస్తున్నానంటే, ఆగిపోయిన పనుల విషయంలో నాకు తెలిసినది ఇక్కడ నేర్చుకున్నదే. ఆగిన పనిని మళ్ళీ మొదలుపెట్టే ముందు దాన్ని ఒకరి చేతి నుంచి తీసుకోవాలి. తీసుకోకుండా కూడా మొదలుపెట్టవచ్చు. బండి అప్పుడూ నడుస్తుంది.

సరళ పోయిన ఏడు చనిపోయింది. ఆమె కుట్టుమిషన్ కిటికీ దగ్గర ఉంది. మనవరాలి గౌను ఒకటి దాని మీద సగంలో ఉంది. సూది గుడ్డలో దిగి ఉంది. మొన్న మా అమ్మాయి వచ్చి మిషన్ తీసి లోపల పెట్టనా అని అడిగింది. ఏం మిగిలిందో అమ్మ నీకేమైనా చెప్పిందా అన్నాను. చెప్పిందట. ఒక పక్క కుట్టు, కింద అంచు, రెండు గుండీలు. అంచుకు తెల్లదారం వాడొద్దు. నేను తిరిగి అప్పజెప్పాను. అమ్మాయి నన్ను వింతగా చూసింది. గుండీలు కుట్టడం నాకు వచ్చు. మిషన్ రాదు, అమ్మాయికీ రాదు. పని రానివాడు చార్జ్ తీసుకుంటే చెల్లదు. అందుకని మిషన్ అక్కడే ఉంది. వీధి చివర టైలర్ దగ్గరికి సాయంత్రాలు పోయి నేర్చుకుంటున్నాను.